ఏడో రెక్క

ముల్లు ఎర్రగీత దాటినంక చూసిన.
తప్పు నాదే.
పుట్టిమీద తెడ్డేసిన చేతులు ఇవి,
నీళ్ల రంగు జూసుడే తెలుసు.
గాజుబిళ్లల వణికే ముల్లును
చుట్టం లెక్క చూస్తుంటి,
ఉన్నదంటే ఉన్నదని.

సోమశిల రేవు ఎనకబడ్డది.
అమరగిరి ఇంక కనిపిస్తలేదు.
పదకొండు మంది, రెండు మేకలు,
ఒక గ్యాస్ బండ, బడిపంతులు సైకిలు.
ఇంజను బందు జేసిన.
నల్లమల మొత్తం ఒక్కసారి చెవులల్ల కూసున్నది.
మేక దగ్గింది.

"చుట్టూత కృష్ణమ్మనే గదా,
బకెట్ ముంచి దాని నెత్తిన పొయ్యరాదు?"
పంతులు మంచోడే.
కాలిన మంటిపెంక మీద నీళ్లు జల్లితే ఏమైతదో
ఇంటామెను ఎన్నడు అడగలేదు, అంతే.
ఇనుము గూడ అట్లనే పగుల్తది.
ఇంత నీళ్లల్ల నిలబడి
దప్పికి కాలిపోతున్నదాన్ని
ముట్టకుండ కూసునుడు ఎంత కష్టమో.

సిగ్నల్ ఒక్క గీత.
కొల్లాపూర్ల మౌలాలి ఎత్తిండు,
ఎనక సుత్తె సప్పుడు.
"ఆపకముందు తోకకాడ నీళ్లు ఉమ్మిందా,
ఒట్టి పొగనా?"
యాదికి తెచ్చుకున్న. ఒట్టి పొగ. తెల్లగ.
"అయితే గొంతెండింది. మూత ఇప్పకు, మొఖం కాలుతది.
బీడీ తాగేటోళ్లుంటే ఒకటి తాగమను.
అదైనంక ఇంకోటి.
అప్పుడు చెయ్యి పెట్టు."

కుర్మయ్య తాత రెండు బీడీలు తాగిండు,
డాక్టరు చీటి రాసిచ్చినంత బుద్ధిగ.

అడుగు వాల్వు కట్టేసి జల్లెడ తీసిన.
పిడికెడు నాచు, ఒక గుట్కా కవరు,
శివరాత్రినాటి బంతిపూల దారం.
కడిగి బిగించి, వాల్వు తెరిచి
ఒక్క నిమిషం తిప్పిన.
తోకకాడ చుక్క రాలలే.
బెల్టు నొక్కిన: బొటనేలి మందం ఒంగింది, మంచిగనే ఉన్నది.
"ఇగ పంపు ఇప్పు."
నాలుగు బోల్టులు. మూడొచ్చినయి.
నాలుగోదానికి సైకిల్ పానా పనికొచ్చింది,
పంతులు మొఖం ఎలిగింది.

లోపల నల్ల రబ్బరు పువ్వు.
ఆరు రెక్కలుండాలె. నాలుగున్నయి.
కొత్తది డబ్బాల ఉండె,
కాయిదం చింపి పెట్టబోతున్న.
"ఆగు సాయమ్మా. ఇరిగినయి యాడున్నయి?"
"ఇరిగినయి, పోయినయి."
"పోవు. రబ్బరు కరగదు.
నీళ్లు పోయే తొవ్వనే అవి పోతయి,
సందు సన్నబడ్డకాడ కూసుంటయి.
అవి చేతికి రానిదే
కొత్తది ఎక్కియ్యకు."
గీత పోయింది.

పైపు ఇప్పి నోటితోని ఊదిన.
తుప్పు, డీజిలు, నది, అన్ని నాలికెమీదికొచ్చినయి.
ఒకటి మేకలామె కాళ్లకాడ పడ్డది.
రెండోది వంపుల ఇరుక్కుంటే
ఆమె బిడ్డ చిటికెనేలు పెట్టి గుంజింది.
రెండు దొరికినయి. లెక్క సరి.

సరే అయితే, కూలరు నోట్ల
ఇంకా ఏందో అడ్డం ఎందుకున్నది?

పంతులు సంచిల ఇరిగిన సైకిల్ పుల్లొకటి ఉండె,
బాగు చేయించనీకె మూడు నెలల సంది తిరుగుతున్నది.
కొన వంచి లోపలికి పంపిన.
తగిలింది. జారింది. మళ్ల తగిలింది.
బయటికొచ్చింది ఏడో రెక్క:
ఎండి, చింతగింజ లెక్క గట్టిపడి.

పోయిన ఎండలల్ల ఈ పంపు మార్చింది నేనే.
పాతదాన్ని నీళ్లల్ల ఇసిరేసిన,
రెక్కలు లెక్కవెట్టలే.
అప్పటి సంది ముల్లు ఒక గీత మీదనే నిలుస్తుండె.
ఎండ అనుకున్న. బరువు అనుకున్న.
కొన్నాళ్లకు అదే దాని జాగ అనుకున్న.

ఇంజను అందుకున్నది.
తోక దగ్గి, ఉమ్మి, ధార కట్టింది.
పిల్లలు లొల్లి చేసిండ్రు.
ముల్లు కిందికి, ఇంకా కిందికి దిగి
నేను మర్చిపోయిన కాడ ఆగింది.

అమరగిరి గట్టు కనబడ్డంక ఫోను మోగింది.
"దొరికినయా?"
"మూడు."
"ఇరిగింది రెండే గదక్కా?"
మూడు గీతలున్నయి ఫోన్ల.
సిగ్నల్ పోయినట్టు
ఊకున్న.